‘బండి లాగదాయె’ పద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము

బండి లాగదాయె బరువెత్తినంతనే
ఘాటు నెక్కలేక గతిని మాని
నల్లపొగను గక్కు నడిరోడ్డుపై నిల్చి
మేస్త్రి! చూడుమయ్య మేలు కలుగ

అవతారిక

శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా అరకులోయకు పోవు ఘాటురోడ్డున ఉప్పు, ఉల్లిపాయలు, సిమెంటు బస్తాలు కలగలుపుగా ఎత్తించుకొని, ఏనాటిదో యొక డీజిలు పికప్పు బండిని నడుపుకొనుచు కుటుంబపోషణము చేసికొను ఒకానొక డ్రైవరు, సగము దారి నుండి దిగువకు మరలివచ్చి, కోటలోని మేస్త్రీ షెడ్డు ముందు హ్యాండుబ్రేకు లాగుటకైన ఓపిక లేక చెప్పిన ఆటవెలది యిది. కవి నామధేయము తెలియదు. బండి వెనుక పలకపై వ్రాయించిన పేరు ఆయన కుమార్తెదని మాత్రము షెడ్డులోని వారు చెప్పుదురు. తాళపత్ర ప్రతులేవియు లేవు. జాబ్‌కార్డు వెనుక పెన్సిలుతో వ్రాసిన ప్రతి యొక్కటే మనకు ఆధారము. దానిపైన కూడ ఎవరిదో గ్రీజు బొటనవ్రేలి ముద్ర పడి మూడవ పాదము చివర రెండక్షరములు మాసిపోయినవి. ఆ రెండక్షరముల వలన కలిగిన పాఠభేదమే ఈ పద్యమున అర్థనిర్ణయమునకు కీలకము కానున్నది గనుక దాని చర్చ దాని చోటనే చేయుదును.

మెదకు సీమలోని కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి, కాళిదాసుని మూడు కావ్యములకు సంజీవని యను పేర వ్యాఖ్య రచించుచు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు నియమము పెట్టుకొనెను. ఈ నియమమును పాటించు మెకానిక్కులు లోకమున అరుదు. డ్రైవరు నోట రెండవ పాదమైనను ముగియకమునుపే, బానెట్టుపై చేయి వేయకమునుపే, ‘పంపు పోయింది, విప్పాలి’ యని తీర్పు చెప్పువాడు మూలమును చదువకయే వ్యాఖ్య వ్రాయువాడు. అట్టివాని వ్యాఖ్యకు వెల వేలలో నుండును. ఇట్టి వ్యాఖ్యాతలు ఈ పద్యమునకు ఇదివరలో నలుగురు కలరు. పంపువాది, బోరువాది, ఫిల్టరువాది, బరువువాది యని వారి వారి సిద్ధాంతములను బట్టి వారిని పిలుచుకొందము. నలుగురును అనుభవజ్ఞులే, అయినను పద్యమును తుదిదాక చదివినవాడు వారిలో నొక్కడును కనబడడు.

ప్రతిపదార్థము, చర్చ

బండి: శకటము. ఇచ్చట 2523 సీసీ ఘనపరిమాణము, నాలుగు సిలిండర్లు, యాంత్రికమైన ఇంధన పంపు, ఒక టర్బో కలిగిన పాత పికప్పు అని గ్రహించునది. సెన్సార్లు, కంప్యూటరు పెట్టె మొదలగునవి లేని కాలపు బండి యగుటచే దీనికి దోషమును తానై చెప్పుకొను విద్య తెలియదు. డ్రైవరు చెప్పినదే శ్రుతి, మేస్త్రీ చూచినదే ప్రత్యక్షము.

లాగదాయె: లాగదు, ఆయెను అని పదచ్ఛేదము. ‘లాగట్నేదు’ అని ఉత్తరాంధ్ర పాఠాంతరమున్నను ఛందస్సు అంగీకరింపదు, అర్థమును సన్నగిల్లును. ఏలయన, ‘లాగదు’ అన్నచో బండి పుట్టుకతోనే అశక్తమని తోచును. ‘ఆయె’ అనుటచే ఒకప్పుడు లాగుచుండెననియు, నడుమ నేదియో జరిగెననియు సూచితమగుచున్నది. వివేకి యగు మేస్త్రీ ఈ ‘ఆయె’ వద్దనే ఆగి ప్రశ్న వేయును. మన మేస్త్రీ అట్లే వేసెను. ‘దసరాకి ముందు లాగేదేంట్రా?’ అని ఆయన యడుగగా, ‘లాగీది మేస్త్రిగారూ, మూడో గేర్లో ఘాటుమీద డముకు దాకా ఎల్లిపోయీది’ అని డ్రైవరు చెప్పినాడట. ఆయుధపూజకు బండిని కడిగించి, ఇంజను తుడిపించి, చిన్న చిన్న పనులు కొన్ని చేయించినట్లును, ఆ చేయించినది ఈ షెడ్డున గానట్లును రెండవ ప్రశ్నకు తేలినది. ఒక యంత్రము క్రమముగా అరిగి శక్తి కోల్పోవుట వేరు, ఫలానా వారము నుండి కోల్పోవుట వేరు. మొదటిది ముసలితనము, రెండవది ఎవరో చేసిన పని. బోరువాది సిద్ధాంతము ఇక్కడనే సగము కూలినది. బోరు అరిగి, రింగులు వదులై, కంప్రెషను తగ్గిన ఇంజను నెలలు, సంవత్సరములు తీసికొని తగ్గును; ప్రొద్దుట స్టార్టు చేయుట కష్టమగును; ఆయిలు పోయు మూత తెరచినచో లోపలి నుండి పొగ ఉబికివచ్చును. మేస్త్రీ మూత తెరచి అరచేయి పట్టి చూచెను. చేతికి వెచ్చని గాలి తగిలెనే గాని పొగ రాలేదు. బోరువాది యింటికి పోవచ్చును.

బరువెత్తినంతనే: లోడు ఎక్కించిన వెంటనే. ‘అంతనే’ యనుటచే ఖాళీగా పోవునప్పుడు బాధ యంతగా తెలియదని ధ్వని. ఒక నాజిలు పూర్తిగా చెడినచో ఇంజను బరువు లేకున్నను, నిలుకడ వేగమున గూడ, మూడు కాళ్లపై కుంటుచు వణకును. మేస్త్రీలు నాజిళ్లకు పోవు పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి, ఏ నట్టు వదలినప్పుడు ఇంజను శబ్దము మారదో ఆ సిలిండరే పని చేయుట లేదని కనిపెట్టుదురు. ఈ బండి నాలుగింటికిని మాట మార్చెను. కావున నాజిళ్లు నిర్దోషులు.

ఈ పదమునే పట్టుకొని బరువువాది, ‘దోషము బండిది కాదు, బస్తాలది, టన్నుంబావు మోయవలసిన బండిపై రెండు టన్నులు వేసి, లాగలేదనుట అన్యాయము’ అని వాదించును. ధర్మశాస్త్ర దృష్ట్యా ఆయన మాట కాదనరానిది. కాని కవి ప్రతి వారమును అంతే బరువు వేసినాడు, అదే దారిని ఎక్కినాడు. కారణము మారకయే కార్యము మారదు గనుక ఈ హేతువు ఇచ్చట చెల్లదు.

ఘాటు నెక్కలేక గతిని మాని: ‘ఘాటు’ శబ్దమునకు ఇచ్చట కొండదారియే అర్థము, క్లచ్చు పలకలు కాలిన కంపు అని అర్థము చెప్పినవారును కలరు గాని వారు పరిహాసార్థమే చెప్పి యుందురు. నిజమునకు క్లచ్చు జారు బండికి లక్షణము స్పష్టము: ఇంజను అరచును, చక్రము తిరుగదు. కవి ఇంజను అరచినదనలేదు, ఎక్కలేక గతిని మానినదనియే చెప్పినాడు. బ్రేకులు పట్టివేయుట వలన గూడ బండి లాగదు. అందుకు దిగినంతనే నాలుగు చక్రముల డ్రమ్ములను చేతితో తాకి చూచుట పరీక్ష, ఏది చేయి కాల్చునో అది పట్టివేసినది. మన మేస్త్రీ తాకి చూచెను. నాలుగును సమానముగా గోరువెచ్చగా నుండెను.

ఎత్తు అనగానే గాలి మాట వచ్చును. ఈ దారికి సమీపముననే పోవు కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమున శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. అంత ఎత్తున గాలి, విశాఖ రేవు గాలికంటె ఇంచుమించు పదియవవంతు పలుచన. దిగువన ఒక పాలు గాలి తక్కువైనను సరిపుచ్చుకొను ఇంజనుకు, పైకి పోవుకొలది ఆ కొరత బయటపడును. ఆ దారిలో గాలికొండ యను పేరు గల చోటనే బండికి గాలి చాలకపోవుట విధివిలాసమే గాని కవి కల్పించిన అలంకారము గాదు.

నల్లపొగను గక్కు: ఈ పద్యమునకు ప్రాణము వంటి పదబంధమిది గనుక కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

తర్కము చదివిన ప్రతివానికిని కొండమీద పొగ సుపరిచితమే. కొండపై పొగను చూచి అచ్చట నిప్పున్నదని ఊహించుట అనుమాన ప్రమాణమునకు నైయాయికులు తరతరములుగా చూపుచున్న ఉదాహరణము. మన కొండ మీదను పొగ యున్నది. నిప్పును ఉన్నది, లేనిచో బండి అంతదూరము ఎక్కియే యుండదు. కాని ఈ పొగ వలన మేస్త్రీ అనుమింపవలసినది నిప్పు యొక్క సత్తను గాదు, దాని వైకల్యమును. డీజిలు ఇంజనులో గాలిని పదునెనిమిదింట ఒక వంతునకు అణచి కాగించి, ఆ కాగిన గాలిలోనికి నూనెను చిమ్ముట చేత మంట పుట్టును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున ఈ యంత్రమును సఫలముగా నడిపి చూపెను. మూడేండ్లకు, 1900 పారిస్ ప్రదర్శనమున, అట్టి యంత్రమొకటి మన రాయలసీమ రైతు పండించు వేరుశనగ గింజల నూనెతోనే నడిచినది. ఏ నూనె యైనను సరియే, అది పూర్తిగా కాలవలెనన్న దానికి తగిన గాలి కావలెను. ఒక లీటరు డీజిలు సంపూర్ణముగా దహనమగుటకు సుమారు 10,000 లీటర్ల గాలి అవసరము. ఇంత లెక్క తెలిసినవాడు, పెట్రోలుబంకు వద్ద లీటరు ధర చూచి నిట్టూర్చునప్పుడు, ఉచితముగా లభించు పదివేల లీటర్ల సంగతి తలపునకు తెచ్చుకొనక తప్పదు. ఈ గాలి తగ్గినపుడు నూనెలోని కర్బనము కాలక మసియై బయటపడును, అదియే నల్లపొగ. ఇంజనులోని ఆయిలు మండినచో పొగ నీలముగా నుండును. నూనె కాలనే కాలక ఆవిరియై పోయినను, రేడియేటరు నీరు సిలిండరులోనికి దిగినను తెల్లగా నుండును. కవి నలుపని స్పష్టముగా చెప్పినాడు. చెప్పనిచో వ్యాఖ్యాత ఏమి చేయగలడు?

కావున నూనె అందుచున్నది, గాలి అందుట లేదు. ఈ యొక్క వాక్యముతో దోషస్థానములలో సగము కొట్టివేయబడినవి. డీజిలు ఫిల్టరు మూసుకొనుట, ట్యాంకులోని జల్లెడకు చెత్త అడ్డుపడుట, ట్యాంకు మూతకున్న సన్నని రంధ్రము పూడి లోపల శూన్యము ఏర్పడుట, ఫీడు పంపు బలహీనపడుట, ఇవన్నియు శక్తిని తగ్గించునవే. కాని ఇవి నూనెను తగ్గించి శక్తిని తగ్గించునవి. నూనె తగ్గినచోట పొగ పుట్టదు. పొగ లేక లాగని బండి యొక వ్యాధి, పొగతో లాగని బండి మరియొకటి. ఈ రెంటిని వేరు చేయక రెంటికిని డీజిలు ఫిల్టరు మార్చువాడు వైద్యుడు కాడు, దుకాణదారుని ఏజెంటు.

ఇక పంపువాది: ‘పంపు ఎక్కువ నూనె పోయుచున్నది, అందుకే నలుపు’ అనును. విచారింపవలసిన పక్షమే. పంపు స్క్రూ తిప్పి నూనె పెంచుకొని, పొగ గొట్టము నుండి మేఘములు లేపుచు పందెములు వేయు కుర్రవాండ్రను మనమెరుగుదుము. వారి బండ్లకు పొగయు హెచ్చు, లాగుడును హెచ్చు. మన కవి పొగ చెప్పి లాగుడు లేదనుచున్నాడు. నలుపును అశక్తతయు ఒక్కచోట చేరినప్పుడు, దోషము హెచ్చిన నూనెలో గాక తగ్గిన గాలిలోనే యున్నదనుట న్యాయము. పంపును విప్పి, పట్నము పంపి, బెంచిపై కెక్కించి, వారము రోజులు బండిని ఇటుకలపై నిలబెట్టవలసిన పని లేదు.

నడిరోడ్డుపై నిల్చి: గ్రీజుముద్ర క్రింద మాసిన అక్షరములు ఇవియే. ‘నిల్చి’ అని కొందరు, ‘నెక్కి’ అని కొందరు చదివిరి. గణములకు రెండును సరిపోవును గనుక ఛందస్సు ఇచ్చట సాయము చేయదు. ‘నెక్కి’ అను పాఠమున, ఎక్కుచు ఎక్కుచు పొగ గక్కినదని అర్థము. ‘నిల్చి’ అను పాఠమున, నిలిచియుండియే గక్కినదని అర్థము. ఎక్కలేకపోయినదని రెండవ పాదముననే చెప్పిన కవి మూడవ పాదమున ఎక్కెననుట పూర్వోత్తర విరుద్ధము. గతిని మానిన బండి నిలువక ఏమి చేయును? కావున ‘నిల్చి’ యే సాధుపాఠము.

పాఠభేదములో నేమున్నదని యనుకొనువారు ఈ ఫలితమును చూడుడు. నిలిచిన బండి, గేరు న్యూట్రలులో నుండగా, యాక్సిలరేటరు తొక్కినంతనే నల్లపొగ గక్కినదన్నచో, బరువు కారణము గాదు, బ్రేకులు కారణము గావు, క్లచ్చు కారణము గాదు. ఏలయన నిలిచిన బండిలో ఇవి మూడును విశ్రాంతి తీసికొనుచుండును. టర్బోకు ఆవలి పైపులో పగులుండి గాలి బయటికి చిమ్ముకొనిపోవుటయు గాదు. అట్టి పగులు టర్బో పీడనము ఏర్పడినప్పుడే నోరు తెరచును, బరువు లేని ఇంజనులో ఆ పీడనము నామమాత్రము. మిగిలినవి రెండే: గాలి లోనికి రాకుండుట, లేదా పొగ బయటికి పోకుండుట. రెండవదానికి సైలెన్సరు చివర అరచేయి అడ్డుపెట్టి ఒత్తిడి చూచుట పరీక్ష. చాలకాలము నిలిపిన బండ్ల పొగగొట్టములలో కుమ్మరి పురుగు మన్నుగూడు కట్టిన సందర్భములు కలవు. ఇచ్చట ధార నిరాటంకముగా వచ్చినది, మేస్త్రీ చేయి మసితో నల్లబడినది.

ఫిల్టరువాది సంతోషించుటకు ఇదియే తరుణము. ఎయిర్‌ఫిల్టరు కాగితము దుమ్ముతో మందమెక్కినదని ఆయన వాదము. తీసి చూచిరి, పూజనాడు మార్చిన కొత్తదే. అయినను, అన్వయ వ్యతిరేకములు రెంటిని చూడవలెనను నియమము ననుసరించి మేస్త్రీ దానిని తీసివేసి ఇంజను తొక్కించెను. పొగ కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు. చాలమంది ఈ ‘కొంత’ తో తృప్తిపడి, ఇంకొక ఫిల్టరు తెప్పించి బిగించి, డబ్బు పుచ్చుకొని పంపుదురు; బండి ఘాటుదారిలో టైడా దాటి తిరిగి వచ్చును. ఫిల్టరు తీసినప్పుడు గాలిమార్గమున పీల్పు కొంత తగ్గుట చేత, దాని తరువాతి దోషము తాత్కాలికముగా సడలుననునది వారికి తోచదు.

ఆ తరువాతిది ఏది? ఫిల్టరు డబ్బా నుండి టర్బోకు పోవు రబ్బరు హోసు. పైకి చూచిన నలుపు నిగనిగలాడుచు, క్లిప్పులు మెరయుచు, పగులు చీలిక యేమియు లేని హోసు. మేస్త్రీ దానిపై నుండి కన్ను తీయక, డ్రైవరును ‘తొక్కరా’ యని, అతడు తొక్కినకొలది చూచుచుండగా, ఇంజను వేగమెక్కి గాలికి ఆత్రపడిన సమయమున, గట్టిగా పీల్చువాని బుగ్గలవలె ఆ హోసు రెండు ప్రక్కల నుండి లోనికి చొట్టబోయి, నడుమ గోడలు ఒకదాని నొకటి అంటుకొనెను. కాలు తీసినంతనే ఏమియు నెరుగనట్లు గుండ్రముగా నిలిచెను. ఈ 2523 సీసీ ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు, టర్బో సాయము లేకున్నను, దాదాపు 2,500 లీటర్ల గాలిని పీల్చును. ఆ పీల్పునకు నిలువగల బిగువు ఆ రబ్బరున లేదు. ఇంజను ఆపి బొటనవ్రేలితో నొక్కినచో మెత్తగా దిగబడినది. విప్పి లోనికి చూడగా గుడ్డపొర గాని తీగచుట్టు గాని కానరాలేదు.

అప్పుడు తెలిసినది: పూజకు ముందు ఇంజను తుడిచినవాడు, బ్రీతరు నుండి వచ్చు ఆయిలు ఆవిరికి నాని ఉబ్బిన పాత హోసును తీసివేసి, రేడియేటరు హోసు ముక్కనొకదానిని కొలతకు కోసి అమర్చినాడు. కొలత సరిపోయినది, స్వభావము సరిపోలేదు. రేడియేటరు హోసు లోపలి నీటి ఒత్తిడి బయటికి నెట్టునప్పుడు తట్టుకొనుటకు చేయబడినది. బయటి గాలి లోనికి నొక్కునప్పుడు నిలుచుటకు గాదు. ఈ రెండు బలములు దిక్కు మాత్రమే భేదించునని తలచువాడు పొరపడినట్లే. ‘ఆయె’ అను క్రియకు కర్త ఎవరో ఈ విధముగా తేలినది. ఆ పని చేసినవాని పేరు కవి చెప్పలేదు, మేమును చెప్పము.

మేస్త్రి!: సంబోధనము. ‘మేస్త్రీ’ అని దీర్ఘముండవలసినను ఛందస్సునకై హ్రస్వము. ఏకవచనమే యైనను అగౌరవము గాదు. మూడవ పాదమువరకు మాట నడ్డక విన్నవానికి ఇట్టి చనువు చెల్లును.

చూడుమయ్య: ‘విప్పుమయ్య’ అనలేదు. ఈ పద్యమంతటిలో కవిప్రతిభ ఇచ్చట వెలిగినదని నా అభిప్రాయము.

మేలు కలుగ: మేలు కలుగునట్లు.

తాత్పర్యము

ఓ మేస్త్రీ! దసరా వరకు లాగిన నా బండి, ఆ తరువాత లోడు వేసినంతనే లాగకుండ నైనది. నిలిపి తొక్కినను నల్లపొగయే గక్కుచున్నది. నూనె అందుచున్నది, గాలి అందుట లేదు. నీవు ముందు చూచి తరువాత విప్పుము.

విశేషములు

తీగచుట్టు గల సరియైన హోసు కొన్ని వందలతో లభించినది; బిగించుటకు పట్టిన కాలము టీ త్రాగుటకు పట్టినంత. మరుసటి ప్రయాణమున బండి అవే బస్తాలతో మూడవ గేరులో డముకు దాటెనని డ్రైవరు ఫోనులో చెప్పెను. ఆనందమున ఛందస్సు పాటింపలేదు. క్రొత్త రబ్బరు ఇంజను వేడికి ఒకసారి కాగి చల్లారిన పిమ్మట కొంత సర్దుకొనును గనుక, మొదటి ట్రిప్పు అయినవెంటనే క్లిప్పులను మరల ఒక చుట్టు బిగింపవలెను. ఆయిలు ఆవిరిని హోసులోనికి పంపుచున్న బ్రీతరును గూడ శుభ్రము చేయనిచో ఈ హోసు సైతము కొన్నాళ్లకు నానును.

ఇదే జాబ్‌కార్డున ‘సెల్ఫు తిరుగదాయె’ అని మొదలగు మరియొక ఆటవెలది కలదు. అది వేరొక బండిది. బ్యాటరీ ఛార్జింగునకు ఇచ్చియున్నారు గనుక దాని వ్యాఖ్య రేపు సాయంత్రము.